ప్రకటన చదివేదాకా

మా అమ్మ పెళ్లి ఏర్పాట్లు చేసింది నేను. ఆ పని ఒప్పుకునే నాటికి పెళ్లి ఎలా చేస్తారో నాకు తెలియదు. పిలిస్తే వెళ్లడం, ఫొటోకి నిలబడడం, భోంచేసి రావడం తెలుసు. నాకు అక్కచెల్లెళ్లు లేరు. నాకూ పెళ్లి కాలేదు. నేను పుట్టాక మా ఇంట్లో పెళ్లి అన్నదే జరగలేదు.

ఫిలింనగర్‌లో కొండ పైకి పోయే ఒక వీధిలో అద్దెకుండేవాళ్లం. సగం దూరం వచ్చాక ఆటోవాళ్లు "ఇగ ఎక్కదమ్మా" అని దింపేసే వీధి అది. అమ్మ జూబ్లీహిల్స్‌లో ఒక నర్సింగ్‌హోమ్‌లో నర్సు. నేను డబ్బింగ్ చెప్తాను. హీరోయిన్లకు కాదు. హీరోయిన్ స్నేహితురాలికి, పక్కింటి పిన్నికి, సీరియల్లో ఆడపడుచుకి. నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఇద్దరమే ఉండడం మాకు అలవాటైపోయింది, మూడో మనిషి వస్తే కూర్చోబెట్టడానికి ఇంట్లో సరైన కుర్చీ కూడా లేనంతగా.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మ చీర మార్చుకోకుండా వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడింది.

"నేను చెప్పడం అయ్యేదాకా మధ్యలో మాట్లాడకు," అంది.

చేతికి కాలిన గాయంతో ఒకాయన వాళ్ల నర్సింగ్‌హోమ్‌కి వచ్చేవాడట. షూటింగులకు జనరేటర్ వ్యాన్ నడుపుతాడు. మోతీనగర్‌లో సొంత ఇల్లు. భార్య పోయింది, పిల్లల్లేరు. మన చర్చి కాదు గానీ క్రైస్తవులే. రోజూ అమ్మే కట్టు మార్చేది. "చెయ్యి మానిపోయింది," అంది అమ్మ, "మనిషే రావడం మానలేదు." ఆ మాట అంటూ నవ్వింది. ఆ నవ్వు నేను అంతకుముందు చూసింది కాదు.

"పెళ్లి చేసుకుందామనుకున్నాం. పాస్టరుగారితో మాట్లాడాం. ఏర్పాట్లు నువ్వే చూడాలి. నాకింకెవరున్నారు అడగడానికి?"

నేను సరేనన్నాను. ముందు అనేసి తర్వాత ఆలోచించాను. అప్పుడు అమ్మ రెండో మాట చెప్పింది.

"మొదటి ప్రకటన చదివేదాకా ఈ సంగతి ఎవ్వరికీ తెలియకూడదు. మీ అత్తయ్యకి అసలే తెలియకూడదు. నాకు మాటివ్వు."

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పాస్టరుగారు వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. దాన్నే ప్రకటన అంటాం. ఒకసారి అది సంఘం మధ్యలో చదివారంటే పెళ్లి ఖాయమైనట్టే.

అత్తయ్య అంటే మా నాన్నకి అక్క. టోలిచౌకిలో ఉంటుంది. నాన్న పోయినప్పుడు మమ్మల్ని నిలబెట్టింది ఆవిడే. నా చదువు, అమ్మ ఉద్యోగం, ఈ అద్దె ఇల్లు, అన్నిటి వెనకా ఆవిడ చెయ్యి ఉంది. కొన్నేళ్ల కిందట అమ్మకి చర్చివాళ్లే ఒక సంబంధం చెప్పారు. అమ్మ ముందు అత్తయ్యకే చెప్పింది. అత్తయ్య తిట్టలేదు, అరవలేదు. మా ఇంటికొచ్చి నాన్న ఫొటో ఎదురుగా కూర్చుని అన్నం మానేసింది. రెండు రోజులు చూసి అమ్మ ఆ సంబంధం వద్దని కబురు పంపేసింది. అందుకే ఈసారి ఈ జాగ్రత్త. నేను మాటిచ్చాను.

ఆ సాయంత్రమే ఫోన్ పట్టుకుని వెతకడం మొదలుపెట్టాను. పెళ్లి పనులు కొత్తగా నేర్చుకునేవాళ్లకి వీడియోలకి కొదవలేదు. ప్రతి వీడియోలోనూ ఒక అమ్మాయి చప్పట్లు కొట్టి "హాయ్ పెళ్లికూతుళ్లూ!" అంటుంది. ఏడాది ముందు ఏం చెయ్యాలి, ఆరు నెలల ముందు మొహానికి ఏ పూత వెయ్యాలి, పెళ్లికి ముందు ఫొటోలు ఏ కోట దగ్గర తీయించుకోవాలి. మాకున్నవి కొన్ని వారాలు. యాభై దాటిన పెళ్లికూతురికి ఎలాంటి చీర, ఎలాంటి అలంకారం అని రాసి వెతికితే, 'కూతురి పెళ్లిలో తల్లి ఎలా ముస్తాబవ్వాలి' అని వచ్చింది. ఎన్ని రకాలుగా మార్చి రాసినా తల్లి తల్లిగానే వచ్చింది.

పాస్టరమ్మగారికి సంగతి తెలుసు కాబట్టి ఆవిడ్ని అడిగాను. బాప్తిస్మం సర్టిఫికెట్లు, నాన్న మరణ ధ్రువీకరణ పత్రం, ఇద్దరు సాక్షులు, పాటలు పాడేవాళ్లు. అన్నీ ఓపిగ్గా చెప్పారు. కానీ ఆవిడ చెప్పింది చర్చి గుమ్మం వరకే. గుమ్మం దాటాక జనాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలి, ఎవరు వండాలి అన్నవి నాకు మిగిలాయి.

మా స్టూడియో నుంచి జూబ్లీహిల్స్ మెయిన్‌రోడ్డు వైపు వెళ్లే దారిలో పెళ్లిళ్లు చేసిపెట్టే ఒకావిడ ఆఫీసు ఉంది. చాలాసార్లు ఆ అద్దాల తలుపు ముందు నుంచి నడిచాను. ఒకరోజు లంచ్ టైములో ధైర్యం చేసి లోపలికి వెళ్లాను. ఆవిడకి నా వయసే ఉంటుంది. లేచి నిలబడి చెయ్యి కలిపింది.

"కంగ్రాట్యులేషన్స్! బ్రైడ్ మీరే కదండీ?"

కాదు అనబోయాను. అంటే తర్వాతి ప్రశ్న 'మరెవరు' అని తెలుసు. వెనక సోఫాలో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకామెను ఎక్కడో డబ్బింగ్ థియేటర్‌లో చూసినట్టుంది. నేను "ఊఁ" అన్నాను. అంతే. అది అవును కూడా కాదు. కానీ ఆవిడ అప్పటికే కుర్చీ చూపించేసింది.

"గెస్టులు ఎంతమంది ఉంటారు?"

"వందలోపు."

ఆవిడ లాప్‌టాప్ మూసేసింది. నాకు సిగ్గేసింది. కానీ ఆవిడ చిన్నచూపుతో మూయలేదు.

"అయితే మీకు మా అవసరం లేదండీ. ఊరికే ఖర్చు. నేనొకటి చెప్తాను, వినండి. ముందు చోటు, తర్వాత వంట, తర్వాత చీర. ఈ మూడూ ఖాయమయ్యేదాకా ఇంకేదీ ఆలోచించకండి. స్టేజీ గురించి అస్సలు ఆలోచించకండి. అందరూ అక్కడే మొదలుపెట్టి అక్కడే మునిగిపోతారు."

నేను వెతికిన అన్ని వీడియోల కంటే ఆ నాలుగు ముక్కలు పనికొచ్చాయి. బోరబండలో ఒక వంటమాస్టర్ నంబరు కూడా ఇచ్చింది. లేచి వస్తుంటే, "మా బ్రైడ్స్ కోసం ఒక గ్రూపుంది, మిమ్మల్నీ కలుపుతాను. ఏ డౌటొచ్చినా అడగొచ్చు," అంది. రోడ్డు దాటేలోపే ఫోన్ మోగింది. 'వెల్‌కమ్ న్యూ బ్రైడ్' అని రంగు రంగుల పూలు.

ఆ గ్రూపు నిజంగా మంచిది. ఏ టైలరు చెప్పిన రోజుకి జాకెట్టు ఇస్తాడు, ఏ హాలులో బాత్రూములు శుభ్రంగా ఉంటాయి, కుర్చీలు అద్దెకి తెస్తే ఎవరు లెక్క చూసుకోవాలి, అన్నీ చెప్పేవాళ్లు. నేను అడిగిన ప్రతిదానికీ నిమిషాల్లో జవాబు వచ్చేది. కాకపోతే ప్రతి జవాబుతో పాటు ఒక ప్రశ్న వచ్చేది. నీ ఎత్తు ఎంత? నీ రంగుకి ఏది నప్పుతుంది? అతను ఎలా పరిచయం? నేను అమ్మ ఎత్తు రాశాను, అమ్మ రంగు రాశాను. అతను ఎలా పరిచయం అంటే, కాలిన చేతికి కట్టు కట్టడంతో అని నిజమే రాశాను. గ్రూపంతా గుండె బొమ్మలతో నిండిపోయింది.

ఆ గ్రూపులో ఒక మేకప్ అసిస్టెంటు ఉందన్న సంగతి నాకు తెలియదు. మర్నాడు స్టూడియోలో అడుగుపెట్టగానే మా సౌండ్ ఇంజనీరు కలాకంద్ డబ్బాతో ఎదురొచ్చాడు.

"ఏందక్కా, గింత పెద్ద ముచ్చట మాకు చెవుల గూడ ఎయ్యలే?"

"నాది కాదు," అన్నాను.

"మరి ఎవలది?"

"మా చుట్టాలమ్మాయిది."

"గా చుట్టాలమ్మాయి నీ లెక్కనే ఉంటదా ఏంది?"

అందరూ నవ్వారు. పెళ్లికూతురు సిగ్గుపడుతోందని నవ్వారు. గట్టిగా కాదంటే ఇంకా సిగ్గనుకున్నారు. కోపంగా కాదంటే పెళ్లి కంగారనుకున్నారు. ఏ మాట అన్నా ఆ పెళ్లికే ఉపయోగపడింది. నేను లోపలికి వెళ్లి మైకు గది తలుపు వేసుకున్నాను. చప్పుడు రాకుండా గోడలకి మెత్తలు అంటించిన చిన్న గది. ఆ రోజుల్లో నన్ను ఎవరూ అభినందించని చోటు అదొక్కటే. లైన్ చెప్పడం అయిపోయినా కాసేపు హెడ్‌ఫోన్స్ తియ్యకుండా కూర్చునేదాన్ని.

వీధిలో పాలపాకెట్ల ఆవిడ అడిగింది. ఇస్త్రీ అతను అడిగాడు. ఎవరు చేరవేశారో తెలియదు, ఆ వారంలోనే అత్తయ్య వచ్చింది. ఆటో సగంలో దింపేస్తే, మోకాళ్ల నొప్పులతో ఆ ఎత్తంతా ఎక్కి, ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడింది. నన్ను చూడగానే రెండు చేతులతో నా మొహం పట్టుకుంది.

"నాకెందుకు చెప్పలేదే? ఎవరి నోటినుంచో వినాలా? మీ నాన్నుంటే ముందు నాకే ఫోన్ చేసేవాడు."

ఏడుస్తోంది, నవ్వుతోంది. సంచిలోంచి ఒక కవరు తీసింది. నాఫ్తలీన్ వాసన గుప్పుమంది. మీగడ తెలుపు పట్టుచీర, సన్నటి జరీ అంచు. నా డిగ్రీ అయిన ఏడాది కొని బీరువాలో దాచిందట, నా పెళ్లికని. దాన్ని విప్పి నా భుజం మీద వేసి, అద్దం ముందుకి తోసింది.

"చూడు మరదలా, నీ కూతురు ఎలా ఉందో!"

అమ్మ తడిచేతులతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. అద్దంలో ముగ్గురం కనిపిస్తున్నాం. ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. అమ్మ నోరు తెరిచింది కూడా.

"బాగుందొదినా," అంది.

ఆ క్షణంలో ఇంటి తలుపులన్నీ బయటినుంచి గడియ వేసినట్టు అనిపించింది.

అత్తయ్య మంచం మీద కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. అబ్బాయి మన గుంటూరు వైపేనా? హైదరాబాద్ వాళ్లేనన్నాను. ఏం చేస్తాడు? సినిమా షూటింగుల పనేనన్నాను. తాగుతాడా? తాగడన్నాను. నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. చెప్పిన ప్రతి నిజమూ ఇంకో రాయి పేర్చినట్టు అయింది. చివరికి పేరు అడిగింది.

"ప్రకటనలో చదువుతారు కదా అత్తయ్యా. అప్పటిదాకా ఆగు."

"ఎప్పుడు ప్రకటన?"

"ఈ ఆదివారం."

"అయితే ముందు వరసలో నాకు చోటు ఆపు," అంది.

అత్తయ్య వెళ్లాక అమ్మ మీద విరుచుకుపడ్డాను. అప్పటిదాకా అమ్మతో అంత గొంతు పెంచి మాట్లాడింది లేదు.

"చెప్పేయమ్మా. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

"మాటిచ్చావు."

"ఆ చీర కప్పుకుని నిలబడ్డప్పుడు నా పరిస్థితి ఏంటో నీకు తెలుసా?"

పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వస్తోంది, ఇద్దరం కదల్లేదు.

"మీ అత్తయ్య నన్ను ఆపుతుందని కాదు నా భయం," అంది చివరికి. "కిందటిసారి కూడా ఆవిడ ఆపలేదు. ఊరికే కూర్చుంది. నేనే ఆగిపోయాను. ఆవిడ మొహం చూస్తే మళ్లీ నేనే వద్దంటాను. నా సంగతి నాకు తెలుసు. చదివేస్తే వెనక్కి పోలేను. అందుకే."

అమ్మ తనకి తాను వేసుకున్న కంచె అది. అందులో నన్నూ నిలబెట్టింది. పప్పు దింపాను. మాడిన పప్పే తిన్నాం.

శనివారం వంటమాస్టర్‌ని చూడడానికి బోరబండ వెళ్లాను. అమ్మ చేసుకోబోయే ఆయన కూడా వస్తానన్నాడు. ఆయన్ని ఏమని పిలవాలో నాకింకా తేలలేదు కాబట్టి 'అండీ'తో నెట్టుకొస్తున్నాను. బోరబండ స్టేషన్ బయట స్కూటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. బట్టతల, ఇస్త్రీ చొక్కా. కుడి చేతి మీద గులాబీ రంగు మచ్చ.

వంటమాస్టర్ తన షెడ్డులో మా ఇద్దరికీ ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు.

"తమరు పిల్ల నాయనా?" అని ఆయన్ని అడిగాడు.

ఆయన నా వైపు చూశాడు. "పిల్ల తరఫోన్నే," అన్నాడు.

బగారా అన్నం, దాల్చా, మటన్ కూర, ఒక స్వీటు అనుకున్నాం. వంటమాస్టర్ నా వైపు తిరిగాడు.

"పెళ్లికూతురికి ఏం ఇష్టమో చెప్పు బిడ్డా, గది ఓటి ఎక్కువ పెడ్త."

నేను ఆలోచించేలోపే ఆయన అన్నాడు. "ఆమెకు కారం పడదు. ఉప్పు గూడ జర తక్కువ. పచ్చిపులుసుంటే సాలు, ఇంకేం అడగదు."

వంటమాస్టర్ నన్ను చూశాడు. నేను తలూపాను. అమ్మకి పచ్చిపులుసు ఇష్టమని నాకు తెలియదు. మా ఇంట్లో ఎప్పుడూ చేసుకోలేదు. ఆయన దగ్గరే తిని ఉంటుంది.

బయటికొచ్చి ఒక చాయ్ బండి దగ్గర ఆగాం. ఆయన గ్లాసు చేతిలో తిప్పుతూ అన్నాడు.

"బిడ్డా, నీ మొకం చూస్తుంటే నాకు మంచిగనిపిస్తలేదు. నేనే టోలిచౌకి పోయి మీ అత్తమ్మకు చెప్పొస్త. తిడ్తె నన్నే తిడ్తది గద."

"వద్దండీ. మీరు వెళ్తే అమ్మ ఊరుకోదు. రేపటిదాకే కదా."

"రేపటిదాకనే. గాని ఇన్ని దినాలు నువ్వే మోసినవ్." గ్లాసు తిప్పడం ఆపాడు. "మేమిద్దరం మా ముచ్చటే జూస్కున్నం. నీకు ఇష్టమా లేదా అని మేమెవ్వలం నిన్ను అడగలే. ఇప్పుడడుగుతున్న."

అబద్ధం చెప్పాలనిపించలేదు. "తెలియదండీ," అన్నాను.

"గది గూడ జవాబే," అని చాయ్ తాగేశాడు.

ఆదివారం అత్తయ్య మా కంటే ముందే చర్చికి వచ్చి కూర్చుంది. కొత్త చీర, తలలో కనకాంబరాలు. పక్కవాళ్లకి నన్ను చూపిస్తోంది. నేను ఆవిడకి ఒక పక్క, అమ్మ ఇంకో పక్క కూర్చున్నాం. అమ్మ బైబిలు ఒళ్లో పెట్టుకుని దాని అంచు గోటితో గీస్తోంది. కానుకల పాట అయ్యాక పాస్టరుగారు కళ్లజోడు పెట్టుకుని చేతిలో కాగితం తీశారు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

ముందు పెళ్లికొడుకు పేరు చదివారు, మోతీనగర్ సంఘ సభ్యుడు, భార్యను కోల్పోయినవారు అని. అత్తయ్య చెయ్యి కాస్త బిగిసింది. తర్వాత అమ్మ పేరు చదివారు. ఇంటిపేరుతో, విధవరాలు అన్న మాటతో సహా. వీరిరువురికీ పరిశుద్ధ వివాహం జరగనున్నదని, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయవలెనని అన్నారు.

అప్పుడు అత్తయ్య లేచి నిలబడింది.

"పాస్టరుగారూ, పొరపాటున తల్లి పేరు చదివారు. పెళ్లికూతురి పేరు చదవండి," అంది. గొంతులో కోపం లేదు. పెద్దాయన తడబడ్డారని, నలుగురిలో మర్యాద పోకుండా సరిచేస్తున్నట్టు అంది.

పాస్టరుగారు కళ్లజోడు తీశారు. "సరిగ్గానే చదివానమ్మా," అన్నారు.

అత్తయ్య అలాగే నిలబడి ఉంది. ముందు అమ్మని చూసింది. అమ్మ తల ఎత్తి ఆవిడ కళ్లలోకే చూస్తోంది. కన్నీళ్లు కారుతున్నాయి, తల మాత్రం దించలేదు. తర్వాత అత్తయ్య నన్ను చూసింది. ఆ చూపు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఎవరో పాట ఎత్తుకున్నారు. అత్తయ్య కూర్చుని పాటల పుస్తకం తెరిచింది. ఆరాధన అయ్యేదాకా కదల్లేదు. చివరి ఆశీర్వాదం అయ్యాక మమ్మల్ని దాటుకుని బయటికి నడిచి, వెళ్తున్న ఆటో ఎక్కేసింది.

బరువు దిగిపోతుందనుకున్నాను. దిగలేదు, భుజం మారింది. స్టూడియోలో నిజం చెప్పాను. సౌండ్ ఇంజనీరు "మంచిగనే ఉంది గదక్కా," అన్నాడు. మళ్లీ వెంటనే, "మరి నీది ఎప్పుడు?" అన్నాడు. గ్రూపులో కూడా చెప్పాను. ఒకమ్మాయి, నీకు ఎంత కష్టమో అని రాసింది. అంతకుముందు వారం నన్ను చూసి సంబరపడినవాళ్లందరూ ఇప్పుడు జాలిపడ్డారు. తల్లి పెళ్లి చేసుకుంటుంటే మూలన నిలబడ్డ కూతురిలాగా. నేను మూలన నిలబడలేదు. హాలు అడ్వాన్సు ఇచ్చి కుర్చీలు మాట్లాడుతున్నాను.

పెళ్లిళ్లు చేసిపెట్టే ఆవిడ ఫోన్ చేసింది. "ముందే చెప్తే దానికి తగ్గట్టే సాయం చేసేదాన్ని కదండీ," అంది నొచ్చుకున్నట్టు. మళ్లీ తనే, "నిజానికి ఇలాంటి పెళ్లికి ఏం చెప్పాలో నాకూ తెలియదు," అంది.

అమ్మతో కలిసి బహిరంగంగా చేసిన మొదటి పని చీర కొనడం. నేను తెలుపు చూపించమన్నాను. మావాళ్లలో పెళ్లికూతురు తెలుపే కడుతుంది. అమ్మ ఆపింది.

"ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ తెల్లబట్టలే కదే. ఒక్కరోజు వదిలెయ్యి."

షాపులో అమ్మాయి నెమలికంఠం రంగు చీర ఒకటి తీసి, "ఇది చూడండమ్మా, పెళ్లికూతురి తల్లికి నిండుగా ఉంటది," అంది.

"తల్లిని కాదు. పెళ్లికూతుర్నే," అంది అమ్మ. పక్కన చీరలు చూస్తున్నవాళ్లందరూ తిరిగేంత గట్టిగా. అలా అని, తనే కంగారుపడి, నా చెయ్యి పట్టుకుంది. ఆ చీరే తీసుకున్నాం.

రెండో ఆదివారం అత్తయ్య రాలేదు. మూడో ఆదివారమూ రాలేదు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పెళ్లికి ముందు నేనొక్కదాన్నీ ఆవిడ ఇచ్చిన తెల్లచీర కవరు పట్టుకుని టోలిచౌకి వెళ్లాను. అత్తయ్య తలుపు తీసి, మంచినీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"అది తెచ్చావేం?"

"నా పెళ్లి కాదు కదా అత్తయ్యా."

"మీ అమ్మ పెళ్లి చేసుకోవడం నాకిష్టం లేదు. ముందు చెప్తే వద్దనేదాన్నే. దాచుకోను," అంది. "కానీ నాకు చెప్పకుండా ఉండడానికి మీ అమ్మ నిన్ను అడ్డం పెట్టుకుంది. నేను నీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను చర్చిలో. నువ్వు పట్టుకోనిచ్చావు."

"మాటిచ్చానత్తయ్యా."

"తెలుసు. నువ్వు మాటిస్తే అంతే. మీ నాన్నా అంతే."

చీర తీసుకోలేదు. నీది, కట్టుకున్నా కట్టుకోకపోయినా నీ దగ్గరే ఉండనియ్ అంది. పెళ్లికి రమ్మని పిలిచాను. అన్నం తిని వెళ్లమంది. తిని వచ్చాను.

పెళ్లి బాగా జరిగింది. స్టేజీ లేదు. ఉంగరాలు మార్చుకునేటప్పుడు అమ్మ ఆయన కాలిన చేతిని నర్సులాగే పట్టుకుని వేలికి ఉంగరం తొడిగింది. హాలులో అందరూ భోజనాలు చేస్తుంటే నా ఫోన్ మోగింది. అత్తయ్య.

"ఎంతమంది వచ్చారు?"

"అనుకున్నంత మంది వచ్చారు."

"అన్నం సరిపోయిందా?"

"సరిపోయింది."

"వండినవాడికి ముందు తినిపించు. లేకపోతే చివర్లో వాడికి మిగలదు," అని పెట్టేసింది. అమ్మ గురించి అడగలేదు. నేనే వెళ్లి అమ్మతో చెప్పాను, అత్తయ్య ఫోన్ చేసిందని. అమ్మ పెరుగన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "నిజంగానా?" అంది. రెండుసార్లు అడిగింది.

అమ్మ మోతీనగర్ వెళ్లిపోయింది. నన్నూ రమ్మన్నారు, ఒక గదికి సున్నం కూడా వేయించారు. పని ఇక్కడే కదా అని నేను ఫిలింనగర్‌లోనే ఉండిపోయాను. మొదటి ఆదివారం భోజనానికి వెళ్తే అమ్మ నాకు కంచంలో వడ్డించింది. ఇంట్లో మేమిద్దరం ఎప్పుడూ గిన్నెలోంచి ఎవరికి వాళ్లం పెట్టుకునేవాళ్లం. ఆయన పచ్చిపులుసు గిన్నె నా వైపు జరిపాడు. నాకు నచ్చింది, ఇంకాస్త వేసుకున్నాను. సాయంత్రం స్కూటర్ మీద మా వీధి మొదట్లో దింపి, "పైకి పోయినంక ఫోన్ చెయ్యి బిడ్డా, మీ అమ్మ ఎదురుచూస్తది," అన్నాడు.

ఎత్తెక్కుతుంటే ఇంటి ఓనరు భార్య గేటు దగ్గర నిలబడి ఉంది. ఒంటరి ఆడపిల్లకి ఇల్లివ్వడం తమకు అలవాటు లేదని వారం నుంచీ చెప్పకుండా చెప్తోంది.

"అమ్మ మంచిగుందా?" అంది.

"బాగుందండీ."

"ఇగ నీది గూడ అయిపోతె మాకు ఫికర్ ఉండదు."

తల ఊపి, తాళంచెవి వెతుక్కుంటూ మెట్లెక్కాను. పైకి చేరానని అమ్మకి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది.